ఊరబాయి సాక్ష్యం సరిపోదు

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల్లో బాయి అంటే నీళ్లు తోడేదీ, బొగ్గు తవ్వేదీ రెండూ. మాట ఒక్కటే గాని లోపలి సంగతి వేరు. ఆ తేడాను చెరిపేసే వాదం ఒకటి బొగ్గు గనుల చుట్టూ పాతుకుపోయింది: పక్క ఊరి చేదబాయిలో నీళ్లు తగ్గకపోతే గని నీళ్లను లాగనట్టే అని.

ఏడాదికి నాలుగుసార్లు, మే, ఆగస్టు, నవంబర్, జనవరి నెలల్లో, నీటిమట్టం కొలవాలన్నది గనుల పర్యావరణ అనుమతుల్లో మామూలుగా కనిపించే షరతు. ఉన్న బావులతో పాటు కొత్తగా పీజోమీటర్లు, అంటే నేల లోపలి నీటి ఒత్తిడిని కొలిచే పైపులు, వేయాలన్న మాటా అందులోనే ఉంటుంది. మొదటిది తేలిక, రెండోది ఖర్చు. పై వాదం ఆ తేలిక భాగం మీదే నిలబడింది.

ప్రాణహిత–గోదావరి లోయలో బొగ్గు ప్రధానంగా బరాకర్ శిలల్లో దొరుకుతుంది. ఇసుకరాయి, షేల్, బంకరాయి, బొగ్గు పొరలు పొరలుగా, వాలుగా పేర్చి ఉంటాయి. నీరుండేది ఇసుకరాయిలో; షేల్, బంకరాయి దాన్ని పైకీ కిందికీ సులువుగా కదలనివ్వవు. ఓపెన్‌కాస్ట్ క్వారీ ఈ పొరలన్నిటినీ కోసుకుంటూ దిగుతుంది. 2014లో ఉత్పత్తి మొదలైన అడ్రియాల లాంగ్‌వాల్ గని పని మూడు వందల మీటర్ల పైచిలుకు లోతున సాగుతుంది. పంపులు తోడేకొద్దీ ముందుగా పడిపోయేది లోపలి ఇసుకరాయిలోని నీటి ఒత్తిడి. పదిపదిహేను మీటర్ల చేదబాయికి ఆ సెగ ఏళ్ల తర్వాత తగలొచ్చు, మధ్య పొర గట్టిదైతే తగలకపోనూవచ్చు. అప్పటిదాకా ఆ బాయి వానాకాలం కథే చెబుతుంది.

వాన కథ ఒక్కటే కాదు. ఎల్లంపల్లి జలాశయం నిండితే దాని చుట్టుపక్కల పైపొరలో నీళ్లు ఊరుతాయి. 2019లో సుందిళ్ల బరాజ్ తోడైంది. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగిన తర్వాత సుందిళ్లలోనూ నీళ్లు నిలపడం ఆగింది. నది ఒడ్డున నీటిమట్టం పెరిగినా తరిగినా ముందు ఈ లెక్క తీసెయ్యాలి. ఇది రెండువైపులా పదునున్న మాట: బాయి ఎండితే గనిదే తప్పనే ఆరోపణకూ ఒక్క చేదబాయి చాలదు. పొలాల్లో మోటార్లు తోడిందెంతో కూడా తెలియాలి.

పోనీ, లోతుగా ఒక బోరు వేస్తే చాలదా అనేది రెండో అభిప్రాయం. మొదటిదానికన్నా ఇదే ఎక్కువ మోసం. పై ఇసుకరాయి నీటిమట్టం నేల నుంచి 10 మీటర్లకు, కింది దానిది తోడకం వల్ల 60 మీటర్లకు ఉందనుకుంటే, రెంటికీ తెరిచిన బోరులో నీళ్లు ఆ రెంటి మధ్య ఎక్కడో నిలుస్తాయి. రెండు పొరలూ నీళ్లను సమానంగా వదిలేవైతే దాదాపు 35 మీటర్ల దగ్గర. ఆ అంకె ఏ పొరదీ కాదు. పైగా ఆ బోరు గుండా పైనీళ్లు రాత్రింబగళ్లు కిందికి జారుతూనే ఉంటాయి. కాపలాకు పెట్టినవాడే కన్నం వేసినట్టు.

సరైన పీజోమీటర్ ఒక్క పొరకే చెవి ఒగ్గుతుంది. ఎంచుకున్న ఇసుకరాయి ఎదుట రెండు మూడు మీటర్ల స్లాట్ పైపు, చుట్టూ కడిగిన సన్న గ్రావెల్, దానిపైన బెంటొనైట్ బంకమట్టి ముద్ర, అక్కడినుంచి నేల దాకా సిమెంట్ పాలు. తర్వాత కంప్రెసర్‌తో బురద వెళ్లగొట్టి, నీళ్లు పోసి మట్టం ఎంతసేపటికి దిగుతుందో చూడాలి. దిగకపోతే ఆ పైపు మూగది. వేర్వేరు లోతుల్లో మూడు పైపులు పక్కపక్కన ఉంటే ఏ పొర ఎప్పుడు కుంగిందో విడివిడిగా తెలుస్తుంది. మూడు నెలలకోసారి టేపు వేసేకన్నా గంటగంటకూ రాసుకునే రికార్డర్ మేలు: కరెంటు పోయి గని పంపులు ఆగిన కొద్దిసేపట్లో మట్టం లేచిందంటే, గనికీ ఆ పొరకూ ఉన్న బంధం కాగితం మీద పడుతుంది.

ఇదంతా తలకు మించిన ఖర్చనే అభ్యంతరం నిలవదు. గని మొదలుకాక ముందే బొగ్గు అన్వేషణకు ఎన్నో రంధ్రాలు వేసి, రాతి కోర్ తీసి, ఏ పొర ఎక్కడుందో మీటర్ల లెక్కన రాస్తారు. మూసేసే ముందు వాటిలో కొన్నిటిని పీజోమీటర్లుగా మార్చవచ్చు. రిగ్ అక్కడే ఉంటుంది, స్లాట్ పైపు ఎక్కడ దించాలో కోర్ చెబుతుంది. అంతకన్నా విలువైంది, తవ్వకానికి ముందరి మట్టమూ చేతికొస్తుంది. అది లేకుండా తర్వాత ఎంత కొలిచినా దేంతో పోల్చాలి?

చోటు ఎంపికలోనూ అలవాటు కన్నా నేల మాట వినాలి. ఈ లోయ నిండా భ్రంశాలు, అంటే రాతి పొరలు విరిగి జరిగిన చోట్లు. ఒక్కోటి నీటికి కట్టలా అడ్డుపడుతుంది, ఒక్కోటి దారి ఇస్తుంది. అందుకని భ్రంశానికి ఇరువైపులా, గని అంచు నుంచి ఊరివైపు వేర్వేరు దూరాల్లో పైపులు ఉండాలి. తోడకం సెగ తగలనంత దూరాన ఒకటి పోలికకు. క్వారీ జరిగేకొద్దీ కొన్ని తవ్వకంలో, కొన్ని ఓబీ (బొగ్గు మీది నుంచి తీసిన మట్టి, రాయి) గుట్టల కింద పోతాయి. పోయేదానికి ఏడాది ముందే బదులు పైపు వేసి, రెంటినీ కలిపి కొలిస్తేనే లెక్క తెగదు. గని మూతపడి పంపులు ఆపాక నీళ్లు తిరిగి లేస్తాయి; మట్టం స్థిరపడేదాకా కొలత సాగాలి. వెనక్కి నింపిన ఓబీ మట్టి అప్పటికి కొత్త నీటిపొర అవుతుంది. దానికీ సొంత పైపు ఉండాలి, అందులోంచి తీసిన నీళ్లలో కరిగిన లవణాలూ సల్ఫేటూ పరీక్షించాలి.