1939 కాంగ్రెసు ఎన్నికలో మొగ్గు ఎవరిది?

1939వ సంవత్సరము జనవరి 29వ తేదీన జరిగిన కాంగ్రెసు అధ్యక్షుని ఎన్నికనుగూర్చి మన గోదావరి మండలమున నేటికిని వాదములు వినవచ్చుచునే యున్నవి. నాలుగు పత్రికలు పరచిన బల్లయు, నలుగురు పెద్దలును గల పఠనమందిరమున మాటలలో మాటగా ఆ ఎన్నిక రాకమానదు. సుభాస్ చంద్ర బోసుగారికి 1580 వోట్లు, డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారికి 1377 వోట్లు. ఈ అంకెలు అందరికిని కంఠస్థములే. తగవంతయు మొగ్గునుగూర్చియే. గాంధీమహాత్ముని ఆశీర్వాదమును, సర్దారు పటేలుగారి బలగమును ఉండియు మన డాక్టరుగారు ఎట్లు ఓడిరని ఒకరు ప్రశ్నింతురు. దేశమంతయు ఎరిగిన వీరునికి ఎదురు నిలిపి ఆయనను బలి యిచ్చిరని మరియొకరు బదులు చెప్పుదురు. చిత్రమేమన, ఈ ఇరువురును ఒక మాటను ముందే ఒప్పుకొని వాదించుచున్నారు: పట్టాభిగారికి గల బలమంతయు పైనుండి వచ్చినదే యని. మాకు అంగీకారము కానిది ఈ మాటయే.

మొదట లెక్క చూతము. వంగరాష్ట్రమున సుభాస్ బాబునకు 404 వోట్లు, పట్టాభిగారికి 79. ఆంధ్రమున పట్టాభిగారికి 181, సుభాస్ బాబునకు 28. ఈ రెండు సొంత రాష్ట్రములను ప్రక్కకు దీసి తక్కిన దేశమును మాత్రము కూడి చూడుడు. సుభాస్ బాబునకు 1148, పట్టాభిగారికి 1117. తేడా 31 వోట్లు! ఒక పంచాయతీ వార్డున ఒక వీధిలో నుండు వోట్లకంటె ఇవి ఎక్కువ కావు. గెలుపు ఆధిక్యమగు 203 వోట్లలో 172 వోట్లు కేవలము ఆ రెండు ఇండ్ల తారతమ్యమువలన వచ్చినవి. వంగప్రతినిధులు 483 మంది వోటు చేసిరి. మనవారు 209 మంది. పెద్దయింటివాడు పెద్దమూట తెచ్చుకొనెను, చిన్నయింటివాడు చిన్నమూట తెచ్చుకొనెను.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. వంగీయులు ప్రాంతాభిమానముచే తమవానిని గెలిపించుకొనిరని మనలో గొణుగువారు కలరు. వారు నూటికి 84 మంది చొప్పున తమవానికి వోటిచ్చిరి. మనము నూటికి 87 మంది చొప్పున ఇచ్చితిమి. ప్రాంతాభిమానము నేరమైనచో మొదటి ముద్దాయిలము మనమే.

మరి పెద్దల ఆశీర్వాదము ఏమైనది? అదియు లెక్కలోనే కానవచ్చుచున్నది. సర్దారుగారి గుజరాతున పట్టాభిగారికి 100, సుభాస్ బాబునకు 5. బాబూ రాజేంద్రప్రసాదుగారి బీహారున పట్టాభిగారికి 197, సుభాస్ బాబునకు 70. ఇక సంయుక్తరాష్ట్రములలో సుభాస్ బాబునకు 269, పట్టాభిగారికి 185. పంజాబున 182, 86. రాజాజీ చెన్నరాజధానికి ప్రధానిగానున్న ఆ దినములలోనే తమిళనాటి ప్రతినిధులు సుభాస్ బాబునకు 110, మన డాక్టరుగారికి 102 ఇచ్చిరి. ఆశీర్వదించినవారు కాపురముండు గడపలలోపలనే ఆ ఆశీర్వాదము ఫలించినది. గడప దాటిన తరువాత దాని బలము సన్నగిల్లినది.

ఇట్లేల జరిగెనో తెలియుటకు ఆ జనవరి మాసపు తారీఖులను వరుసగ చూడవలెను. సుభాస్ బాబు 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసునకు అధ్యక్షుడై, ఆ ఏడాది పొడవునను ఆ పీఠమునుండియే దేశముతో మాటలాడుచుండెను. 1939 ఎన్నికకు ముగ్గురి పేర్లు వచ్చినవి: మౌలానా ఆజాద్, సుభాస్ బాబు, పట్టాభిగారు. పెద్దలు మనసున నుంచుకొన్నది మౌలానాగారిని. ఆయన విరమించునప్పటికి ఎన్నికకు పట్టుమని పదిదినములు లేవు. అప్పుడు మిగిలిన పేరు పట్టాభిగారిది. గోదావరి కాలువల శివారు రైతునకు ఈ స్థితి విప్పి చెప్పనక్కరలేదు. నారు ముదిరి, ఊడ్పుల అదను దాటిన పిమ్మట వచ్చు నీరు గట్లు తెగునంతగా వచ్చినను గాదె నింపదు. మన డాక్టరుగారికి పెద్దల మద్దతు ఆ శివారు నీటివలె వచ్చినది.

వచ్చిన మద్దతైనను ఎట్టిది? జనవరి 24వ తేదీన సర్దారుగారును మరి ఆరుగురు కార్యవర్గ సభ్యులును ఒక ప్రకటన చేసిరి. అధ్యక్షునిది సభాపతి స్థానము వంటిదనియు, కాంగ్రెసు విధానము అధ్యక్షునిచే నిర్ణయింపబడునది కాదనియు, అసాధారణ పరిస్థితులందు తప్ప ఒకరినే మరల ఎన్నుకొనుట తగదనియు, పట్టాభిగారు అర్హులనియు దాని తాత్పర్యము. న్యాయస్థానమున ఇట్టి వాదము చేసిన వకీలును ఆయన కక్షిదారే నిలదీసి యుండును. ఈ పీఠమున అధికారమేమియు లేదని చెప్పుచు, మావానినే అందు కూర్చుండబెట్టుడని ఎట్లు కోరుదురు? ఒకరినే మరల ఎన్నుకొనరాదందుమా, పండిత జవహర్లాలుగారు 1936లోనే లక్నోలోను, వెంటనే ఫైజుపురములోను అధ్యక్షత వహించిరి. ప్రతినిధులకు జ్ఞాపకశక్తి లేదని ప్రకటనకర్తలు తలచిరి కాబోలు.

సుభాస్ బాబు మాత్రము ఒక వివాదాంశమును స్పష్టముగ ముందుంచెను. 1935 చట్టములోని ఫెడరేషనును దేశము ఎదిరించునా, దానితో రాజీ పడునా యని ఆయన ప్రశ్న. అధ్యక్షుని ఎన్నిక నిర్దిష్టమైన కార్యక్రమముల మీద జరుగవలెనని ఆయన వాదము. ఆయన శంకలలో కొన్ని తోటి సభ్యులకు అన్యాయము చేసినవని మాయభిప్రాయము. కాని ఒక పక్షమువారు ప్రశ్న వేయుచు, ఎదుటి పక్షమువారు ప్రశ్నయే లేదనుచున్నప్పుడు వోటరు చెవి ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు.

మహాత్ముని విషయము మరియు విచిత్రమైనది. సుభాస్ బాబు మరల ఎన్నికగుటకు తాను మొదటినుండియు వ్యతిరేకుడననియు, మౌలానాగారు విరమించినప్పుడు పట్టాభిగారిని విరమింపవద్దని ఒప్పించినవారిలో తానొకడననియు, కావున ఈ ఓటమి పట్టాభిగారిదికంటె తనదే యనియు ఆయన చెప్పెను. ఎప్పుడు? జనవరి 31వ తేదీన. వోట్లు పడినది 29వ తేదీన. తీర్పు వచ్చిన రెండవనాడు దాఖలైన వకాల్తా అది! మహాత్మునికి అనుకూలముగనో ప్రతికూలముగనో వోటు చేయుమని తమ్మెవ్వరును అడుగలేదని ప్రతినిధుల పక్షమున సుభాస్ బాబు చెప్పిన సమాధానమునకు మాకు ప్రత్యుత్తరము దొరకకున్నది. ఆ పెద్దమాటలో గల ఔదార్యమును మేము శంకింపము. అయినను దానివలన జరిగిన దేమి? డాక్టరుగారికి ఆ ఎన్నికలో సొంతమని చెప్పుకొనుటకు మిగిలినది ఓటమి యొక్కటే. అదియు ఆయన చేతినుండి తీసికొనబడెను. నాటినుండి నేటివరకు ఆ ఎన్నికను చెప్పువారు గాంధీ, బోసుల పోరుగ చెప్పుచున్నారే గాని, గుండుగొలనులో పుట్టి, బందరున వైద్యము చేసి, ఆ వైద్యమును విడిచి దేశసేవకు దిగిన మనిషి యొకడు ఆ పోరున నిలిచెనని తలచువారు అరుదు.

ఆయనకు సొంత బలము లేకపోయెనా? 1923లో ఆంధ్రబ్యాంకును నెలకొల్పినవాడు. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవమునకు ఆ సంస్థ చరిత్రను వ్రాసి, ప్రతిరాష్ట్ర ప్రతినిధి చేతిలోను పెట్టినవాడు. అన్నిటికంటె మించినది మరియొకటి కలదు. ఆంధ్రులకు కాంగ్రెసులో ప్రత్యేక రాష్ట్రసంఘము కావలెనని 1917లో పోరాడినవారిలో ఆయన అగ్రగణ్యుడు. అనిబిసెంటమ్మగారు ఎదిరించిరి. గాంధీగారు సైతము రాబోవు సంస్కరణలవరకు ఆగవచ్చునని తలచిరి. లోకమాన్య తిలకుగారు మన పక్షమున నిలిచిరి. 1918లో ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘము ఏర్పడగా మన రాజమహేంద్రవరపు న్యాపతి సుబ్బారావు పంతులుగారు దానికి మొదటి అధ్యక్షులైరి. 1939లో ఆంధ్రప్రతినిధులు 209 మంది ఆంధ్రులమని చెప్పుకొని వోటు చేయగలుగుటకు కారణమైన ఆ పోరాటము డాక్టరుగారిదే. భాషారాష్ట్రములను కోరు జనము ఆంధ్రమున మాత్రమే కాదు, కర్ణాటకమునను, కేరళమునను ఉండెను. ఆ ప్రశ్నను ముందిడుకొని ఆయన తన పేరున తాను నిలిచి యుండిన, ఆ 31 వోట్ల తేడా ఎచ్చట నిలిచెడిదో చెప్పలేము. పెద్దల ప్రకటనలో ఆ ఊసే లేదు. మన ఆంధ్రనాయకులును ఆ ఊసెత్తుడని పట్టుబట్టినట్లు కానరాదు. పెద్దలు చేయి చాచిరి, మనవాడు గెలుచునని మనము నిశ్చింతగ నుంటిమి.

కావున మొగ్గు సుభాస్ బాబుదే యని మా నిర్ణయము. ఆయన పీఠముననుండెను, ఆయన ఇల్లు పెద్దది, ఆయన యొద్ద ప్రశ్న యుండెను. పట్టాభిగారి మొగ్గు అని లోకము చెప్పుకొన్న పెద్దల మద్దతు నిజమునకు ఆయన నోటికి వేసిన గడియ. గెలిచినవారికి ఆ గెలుపు దక్కలేదన్నది అందరెరిగిన కథ. ఫిబ్రవరిలో కార్యవర్గమున అధికసంఖ్యాకులు రాజీనామా ఇచ్చిరి. మార్చిలో త్రిపురిలో పంతుగారి తీర్మానము నెగ్గినది. ఏప్రిల్ 29వ తేదీన కలకత్తాలో సుభాస్ బాబు అధ్యక్షపదవిని వదలుకొనెను.

డాక్టరుగారు మరల పోటీకి నిలిచినది 1948లో. మహాత్ముడు ఆ యేటి జనవరిలోనే గతించెను. ఈసారి ఎదుట నిలిచిన పురుషోత్తమదాసు టండనుగారిదియు పెద్దయిల్లే. పెద్దల ఇష్టాయిష్టములు అప్పుడును లేకపోలేదు. అయినను పట్టాభిగారికి 1199, టండనుగారికి 1085 వోట్లు వచ్చినవి. ఆ జయపుర కాంగ్రెసునందే భాషారాష్ట్రముల సంగతి విచారించుటకు జవహర్లాలు, వల్లభభాయి, పట్టాభి ముగ్గురితో సంఘమొకటి ఏర్పడెను. 1949లో ఆ సంఘము తక్కిన భాషారాష్ట్రములను వాయిదా వేయుమనుచునే, చెన్నపట్టణముపై హక్కు వదలుకొన్నచో ఆంధ్రమును ఏర్పరుపవచ్చునని చెప్పెను. పదేండ్లక్రిందట ఏ ప్రకటనయందును కానరాని మాట ఆయన సంతకముతో వెలువడెను. చెన్నపట్టణపు షరతుకు ఆయన సమ్మతించుటను మనవారిలో పలువురు చాలకాలము క్షమింపలేదు. అది వేరొక వ్యాజ్యము.