గది శుభ్రం, ఊరు మురికి?

వెంకన్న దర్శనానికి వచ్చే యాత్రికులకు తిరుపతిలో లాడ్జీలు తప్పనిసరి. పక్క మీద దుప్పటి తెల్లగా ఉండాలని, స్నానాల గది శుభ్రంగా ఉండాలని కోరడం డబ్బు చెల్లించినవారి హక్కు. ఆ సదుపాయం కల్పించడం యజమానుల విధి. ఇందులో రెండో మాట లేదు. అయితే గది కడిగిన సబ్బునీరు, యాసిడ్, ఊడ్చిన చెత్త ఎక్కడికి పోతున్నాయన్నదే ప్రశ్న.

తిరుపతికి కల్యాణి జలాశయం, తెలుగుగంగ నీరు ప్రధాన ఆధారాలు. అవి చాలనప్పుడు బోర్లు, ట్యాంకర్లే దిక్కు. ట్యాంకరు నీరు ఆకాశం నుంచి ఊడిపడదు. ఏదో ఒక ఊరి భూగర్భం నుంచే తోడాలి. వాడిన నీటిని శుద్ధిచేయకుండా కాలువలో వదిలితే అది పల్లంలోని స్వర్ణముఖికి చేరుతుంది. నది ఒడ్డు పల్లెల బావులకు ఆ నదే ఊట. నగరం వాడకానికి పల్లె మూల్యం చెల్లించడం న్యాయం కాదు.

లెక్క తేలికే. 50 గదుల లాడ్జిలో గదికి రెండు దుప్పట్లు, రెండు దిండు గలీబులు, రెండు తువ్వాళ్లు అనుకుంటే ఒక్క రోజు ఉతుకు 300 గుడ్డలు. దిగినవారు మూడు రోజులున్నప్పుడు రోజూ మారిస్తే 900. ఒక్కసారి మారిస్తే 300తో సరి. ఉన్నవారికి అడిగినప్పుడే మార్చాలి. కొత్తగా దిగేవారికి మాత్రం అడగకుండానే మార్చాలి. పాత దుప్పటి దులిపి పరచడం పొదుపు కాదు, మోసం.

యాత్రికులు ఇందుకు ఒప్పుకుంటారా అనే సందేహం అక్కర్లేదు. అమెరికాలో ఒక హోటల్లో జరిపిన పరిశీలన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. పర్యావరణాన్ని కాపాడమని మాత్రమే రాసిపెట్టిన గదుల్లో సుమారు 35 శాతం మంది తువ్వాళ్లను మళ్లీ వాడారు. ఇక్కడ దిగినవారిలో ఎక్కువమంది మళ్లీ వాడుతున్నారని రాసినచోట అది 44 శాతానికి పెరిగింది. పదిమంది నడిచిన బాటలో పదకొండోవాడూ నడుస్తాడు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో నాలుగు మాటలు రాసి గోడకు అతికించడానికి అయ్యే ఖర్చెంత?

గదులు కడిగేవారి క్షేమం కూడా మరువరాదు. చుట్టుపక్కల పల్లెల నుంచి పొట్టకూటికి వచ్చే ఆడవారు, కుర్రవాళ్లు ఈ పనిలో ఉన్నారు. మరుగుదొడ్డి యాసిడ్‌కు బ్లీచింగ్ పౌడరు తోడైతే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. గాలి ఆడని చిన్న గదిలో అది ప్రాణం మీదికి తేగలదు. మోతాదు మించితే ఇవే మందులు సెప్టిక్ ట్యాంకులో మలినాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులనూ చంపుతాయి. రోజువారీ శుభ్రతకు సబ్బునీరు, బ్రష్షు చాలు. పనివారికి చేతి తొడుగులు ఇవ్వడం, దేనిలో ఏది కలపరాదో చెప్పడం యజమానుల కనీస ధర్మం.

చట్టాలకు కొదవ లేదు. హోటళ్లలో చెత్తను ఎక్కడికక్కడే వేరుచేయాలని 2016లోనే కేంద్ర నిబంధనలు చెప్పాయి. ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలు, చెంచాలు, స్ట్రాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. నీళ్ల సీసాలు ఆ జాబితాలో లేకపోయినా తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు ఆపి, జలప్రసాదం కేంద్రాల్లో తాగునీరు ఇస్తున్నారు. కొండపైన సాధ్యమైనది కొండకింద ఎందుకు కాదు? ప్రతి అంతస్తులో ఒక శుద్ధజల కుళాయి, గదికో స్టీలు చెంబు ఉంటే సీసాల గుట్టలు సగం తగ్గవా?

నగరపాలక సంస్థ లైసెన్సు ఇచ్చేటప్పుడు గదులు లెక్కపెడితే సరిపోదు. మురుగు ఎటు పోతోందో, చెత్త ఎవరికి చేరుతోందో కూడా చూడాలి. గ్రామాల నుంచి వెళ్లి లాడ్జీలో దిగేవారూ కుళాయి కట్టాలి, గది వదిలేటప్పుడు దీపం ఆర్పాలి. అక్కడ వృథా చేసిన ప్రతి బిందె మరో పల్లె తాగునీరేనని అందరూ గుర్తించాలి.