కాలికెక్కని కౌబాయ్ బూటు

గ్రీన్‌రూమ్ కబుర్లు

తెరమీద హీరోగారు గుర్రం దిగటం చూశారు. బూటు కాలు బల్లమీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలటం చూశారు. ఆ బూటుతో విలన్ గుండెలమీద తన్నటం కూడా చూసి ఈలలు వేశారు. కానీ ఆయన ఆ బూటు కాలికి తొడుక్కోవటం ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఎడిటరుగారి కత్తెర ఆ మధ్యలో పడుతుంది. ఆ కత్తెర మన ఇంట్లో లేదు, అదీ చిక్కు!

ఈ వారం ఉత్తరాల కట్టలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఓ పాఠకుడి ఉత్తరం ఉంది. కాలేజీ వార్షికోత్సవంలో కౌబాయ్ డాన్సు చేస్తాడట. సాయంత్రాలు చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన మూడువేల రూపాయలతో ఆన్‌లైన్లో బూట్లు తెప్పించుకున్నాడు. “సగం దాకా ఝామ్మని దిగింది సార్, ఆ పైన అన్నయ్యా నేనూ చెరోపక్కా లాగినా కదల్లేదు. పది రోజుల్లోగా వెనక్కి పంపితే డబ్బు తిరిగి ఇస్తారు. పంపెయ్యనా? ఉంచుకుని సాగదియ్యనా?” అని అడిగాడు. పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే గడువు దాటిపోతుంది కనుక అతనికి జవాబు అదే రోజు చెప్పేశాం. అయితే ఈ బాధ ఒక్కడిది కాదు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చిన దగ్గర్నుంచీ మన కుర్రకారుకి కౌబాయ్ బూటంటే మోజే. చిరంజీవిగారి ‘కొదమ సింహం’ (1990), మహేష్‌బాబుగారి ‘టక్కరి దొంగ’ (2002) ఆ మోజుని మరీ పెంచాయి. 2023 మే 31న, కృష్ణగారి జయంతి రోజున, ‘మోసగాళ్ళకు మోసగాడు’ 4కె ప్రింటుతో మళ్ళీ విడుదలయ్యేసరికి తాతలూ మనవలూ కలిసే చూశారు. అంచేత అందరికీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

లేసు ఎందుకు లేదంటే...

ఈ బూటుకి లేసు లేకపోవటం దర్జా కోసం కాదు, ప్రాణం కోసం. అమెరికాలో పశువుల మందలు తోలే కౌబాయ్ రోజంతా జీనుమీదే ఉంటాడు. గుర్రం బెదిరి కింద పడేసిందనుకోండి, కాలు రికాబులో ఇరుక్కుంటే గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. లేసులు బిగించి కట్టిన బూటైతే కాలు విడిరాదు. నున్నగా, పొడుగ్గా, లేసు లేకుండా ఉంటే బూటు రికాబులోనే ఉండిపోయినా కాలు జారి బయటపడే వీలుంటుంది. ఎత్తు మడమ కూడా అందుకే. పాదం రికాబులోంచి ముందుకు దూసుకుపోకుండా ఆపుతుంది. టెక్సాస్ రాష్ట్రంలోని స్పానిష్ ఫోర్ట్ అనే ఊళ్ళో హెచ్.జె. జస్టిన్ 1879లో బూట్లు కుట్టటం మొదలుపెట్టింది ఇలాంటి కౌబాయ్‌ల కోసమే.

మరి లేసు లేకపోతే నడిచేటప్పుడు బూటు ఊడిపోకుండా పట్టేదేమిటి? మీగాలు! పాదం పైభాగాన, వేళ్ళకీ చీలమండకీ మధ్య ఉండే ఆ గూడు దగ్గర తోలు బిగువుగా పట్టుకోవాలి. ఆ ఒక్కచోట బిగువు లేకపోతే అది బూటు కాదు, బకెట్టు. కనుక బూటు ఎక్కేటప్పుడు కాస్త మొరాయించటం దాని లక్షణమే. ఎంత మొరాయిస్తే సరి, ఎంతకి మించితే తప్పు అన్నదే మనం తేల్చుకోవలసింది.

అసలు అడ్డుపడేది ఎక్కడ?

టేపు ఒకటి తీసుకోండి. మడమ వెనక కింది అంచునుంచి, చీలమండ ముందు పాదం వంగేచోటు మీదుగా చుట్టి కొలవండి. పాదంలో అన్నిటికన్నా పెద్ద చుట్టుకొలత అదే. బూటు గొట్టం నిలువుగా ఉంటుంది, అడుగు అడ్డంగా ఉంటుంది. ఆ మలుపులో మీ మడమ తిరగాలి. సందులో మంచం తిప్పటం లాంటి పని! బలం పెడితే గోడ గీరుకుపోతుంది. వాటం చూసి తిప్పితే మంచం లోపలికి పోతుంది.

కనుక లాగటం ఆపండి. ముందు ఈ పనులు చెయ్యండి.

ఒకటి, సాక్సు. మందపాటి నూలు సాక్సు తోలుని పట్టేసుకుంటుంది. పల్చటి నైలాను సాక్సు జారుతుంది. అది బూటు గొట్టంకన్నా పొడుగ్గా ఉండాలి. ప్యాంటు లోపలికి దోపేవాళ్ళు ప్యాంటు అంచుని కాలికి చుట్టూ మడిచి, దాని మీదుగా సాక్సు లాగండి. గుడ్డ ముడతపడి మలుపు దగ్గర ఇరుక్కోవటం సగం మందికి ఉండే బాధ.

రెండు, పౌడరు. మొహానికి రాసే టాల్కం పౌడరే. సాక్సు మడమమీద, బూటు లోపల మడమ తగిలేచోట కాస్త చల్లి, ఎక్కువైంది దులిపెయ్యండి. కొబ్బరినూనె జోలికి మాత్రం పోకండి. తోలుకి మరకపడుతుంది, ఆపైన స్టేజిమీద పాదం లోపలే స్కేటింగు చేస్తుంది.

మూడు, వేళ. పొద్దంతా నిలబడితే సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది. అందుకే బూటు సాయంత్రం పూట కొలుచుకుని కొనాలి. డాన్సు రాత్రి ఎనిమిదింటికైతే, అంతకుముందు ఓ పావుగంట వెల్లకిలా పడుకుని కాళ్ళు రెండు దిళ్ళమీద ఎత్తి పెట్టుకోండి. ఆ తర్వాత తొడగండి.

నాలుగు, వాటం. గట్టి కుర్చీ అంచున కూర్చోండి. కాలివేళ్ళు నేలవైపు చాపి, భరతనాట్యంలో అడుగు చాపినట్టు, పాదాన్ని గొట్టంలోకి దింపండి. బూటు పైన రెండుపక్కలా ఉండే తోలు చెవుల్లో చెరో చేతి వేళ్ళు దూర్చి రెండిటినీ సమంగా పైకి లాగండి. ఒక చెవినే పట్టి లాగితే కుట్టు తెగుతుంది. మలుపు దగ్గర ఆగిందా? అప్పుడు గోడ పట్టుకుని లేచి నిలబడి, ఒంటి బరువు మెల్లగా మడమమీదికి వదలండి. ‘టప్’ మని ఓ చప్పుడొస్తుంది. మడమ గూట్లో పడిందన్నమాట. రాతి నేలమీద దబదబా తొక్కటం మాత్రం వద్దు. మడమ ఎముక మీదే, నొప్పి కూడా మీదే!

చేతులు జారేవాళ్ళకి బూటు కొక్కేలని దొరుకుతాయి. పిడి ఉన్న రెండు ఇనుప కొక్కేలు, చెవుల్లో తగిలించి లాగటమే. అవి లేకపోతే గట్టి నూలు నాడా రెండు ముక్కలు చెరో చెవిలో దూర్చి పట్టుకోండి, అదే పని చేస్తుంది.

ఐదు, పల్చటి ప్లాస్టిక్ కవరు. సాక్సుమీద కవరు తొడిగి, దాని కొస పైకి వచ్చేలా ఉంచి కాలు దింపండి. మడమ కూర్చున్నాక కవరుని పైకి లాగెయ్యండి. లోపలే వదిలేస్తే చెమటపట్టి జారిపడతారు. పొట్టి బూటైతే షూహార్న్ చాలు. షూహార్న్ లేనివాళ్ళు నున్నటి అట్టముక్క మడమ వెనక పెట్టుకోవచ్చు. మన పత్రిక ముఖచిత్రం మాత్రం చింపకండి బాబూ, ఈ వారం హీరోయిన్ గారు చాలా బావున్నారు!

బీటిల్స్ బాటలో...

గొట్టం బూటు వద్దు, చీలమండ దాకా ఉండే చెల్సీ బూటు చాలనుకునేవాళ్ళకి కష్టం తక్కువ. దాని పక్కన సాగే రబ్బరు పట్టీ ఉంటుంది. విక్టోరియా మహారాణికి బూట్లు కుట్టిన జోసెఫ్ స్పార్క్స్ హాల్ చలవ అది. 1960ల మొదట్లో బీటిల్స్ బృందం లండన్‌లో అనెల్లో అండ్ డేవిడ్ అనే షాపులో ఈ రకం బూట్లకే ఎత్తు మడమలు పెట్టించుకుని తొడిగేసరికి ప్రపంచమంతా వాటి వెంటపడింది. దీనికి వెనకవైపు ఓ గుడ్డ చెవి ఉంటుంది. దాన్నే పట్టి పైకి పీకితే మడమ దగ్గర కుట్టు విడుతుంది. అది బూటు పట్టుకోవటానికి. కాలు దింపే పని షూహార్న్‌ది.

ఉంచుకోవాలా? పంపెయ్యాలా?

ఇప్పుడు మూడువేల రూపాయల ప్రశ్న.

ముందు బూటు లోపల అంకె చూడండి. మనకి అలవాటైన షూ సైజు ఇంగ్లండు లెక్క. కౌబాయ్ బూట్లు చాలావాటికి అమెరికా లెక్క ఉంటుంది. మగవాళ్ళ సైజుల్లో అమెరికా 8 అంటే మనకి సుమారు 7. మీది ఎనిమిదో నంబరు కాలై, అమెరికా ఎనిమిది తెప్పించుకుంటే ఎన్ని పౌడర్లు చల్లినా లాభంలేదు. అంకె పక్కన అక్షరం ఉంటే అదీ చూడండి. మగవాళ్ళ బూటులో డి అంటే మామూలు వెడల్పు, ఇఇ అంటే వెడల్పు పాదం వారికి. చాలామందికి కావలసింది పెద్ద నంబరు కాదు, అదే నంబరులో వెడల్పు బూటు.

ఈ పరీక్షంతా పక్కమీదో, పాత దుప్పటి పరిచో చెయ్యండి. అడుగు గీరుకుపోతే షాపువాడు వెనక్కి తీసుకోడు.

పైన చెప్పినవన్నీ చేశాక మడమ దిగిందనుకోండి. దుప్పటిమీదే పదడుగులు వెయ్యండి. వేళ్ళు కదలాలి. మీగాలు దగ్గర గట్టిగా కరచాలనం చేసినట్టుండాలి, పీక నులిమినట్టు కాదు. మడమ నడకలో పావు అంగుళం లేస్తే కంగారుపడకండి. కొత్త బూటుకి అడుగు వంగటం అలవాటయ్యేదాకా అది మామూలే. ఇలా ఉంటే ఉంచుకోండి. రోజూ ఇంట్లో ఓ ఇరవై నిమిషాలు తొడుక్కుని తిరిగితే తోలు మీ పాదం వాటానికి వస్తుంది.

వేళ్ళు కొసకి తగిలినా, చిటికెనవేలు నలిగినా, పాదం తిమ్మిరెక్కినా, అసలు మడమే దిగకపోయినా పంపెయ్యండి. తోలు వెడల్పుకి కాస్త సాగుతుంది కానీ పొడుగుకి సాగదు. రెక్సిన్ అయితే వెడల్పుకీ పెద్దగా సాగదు. మీగాలు దగ్గర కొంచెం మాత్రమే ఇరుకైతే, అదీ అసలు తోలైతే, బూట్లు బాగుచేసే మేస్త్రీ దగ్గర కర్ర అచ్చు బిగించి సాగదీయించవచ్చు. కానీ ఆ తర్వాత వెనక్కి పంపటం కుదరదు, గుర్తుంచుకోండి. పొయ్యి దగ్గర కాచటం, నీళ్ళలో నానబెట్టటం లాంటి చిట్కాలు తోలుని పాడుచేస్తాయి.

గడువు దాటిపోయి, బూటు మరీ చిన్నదేం కాకపోతే ఆఖరి అస్త్రం ఒకటుంది. లోపలివైపు గొట్టం చీల్చి మేస్త్రీ చేత జిప్పు వేయించటం! ఈ కాలపు గుర్రపుస్వారీ బూట్లకే వెనక జిప్పులుంటున్నాయి. రెండో వరసలో కూర్చున్నవాడికి కూడా కనిపించదు.

ఓ హెచ్చరిక. షుగరు ఉన్నవాళ్ళు ఈ ప్రయోగాలేవీ చెయ్యకూడదు. పాదానికి స్పర్శ తగ్గి, పుండు పడినా తెలియదు. మోజుకొద్దీ నాన్నగారికో మావయ్యగారికో తొడిగించకండి.

ఇక ఊడదియ్యటం!

తొడగటం ఇంటర్వెల్ అయితే, ఊడదియ్యటం క్లైమాక్సు. డాన్సయ్యాక పాదం ఉబ్బి ఉంటుంది, సాక్సు తడిసి ఉంటుంది. పాత సినిమాల్లో కమెడియన్ వెనక్కి తిరిగి వంగి, హీరో కాలు తన కాళ్ళమధ్య పెట్టుకుని లాగటం, హీరో రెండో కాలితో తన్నటం చూసి నవ్వుకున్నారుగా? అది హాస్యమే కాదు, నిజంగా పనిచేసే పద్ధతే. స్నేహితుడు కావాలి, స్నేహం మిగలాలి, అంతే.

ఒక్కరే ఉంటే బూట్‌జాక్ కావాలి. వడ్రంగి చేత అడుగు పొడుగు, నాలుగంగుళాల వెడల్పు పలక ఒకటి కోయించండి. ఒక కొసన మడమ పట్టేలా ‘వి’ ఆకారంలో గండి, ఆ కొస కిందే అది రెండంగుళాలు లేచేలా ఓ చెక్కముక్క. ఒక కాలితో పలకని తొక్కిపట్టి, రెండో మడమ గండిలో ఇరికించి కాలు పైకి లాగితే బూటు అక్కడే ఉంటుంది, మీరు బయటికొస్తారు.

అందం కోసం తొడిగే బూటు కాలుని కాస్త సతాయించవచ్చు. కుంటించకూడదు. తెరమీద హీరో నడక చూసి ఈల వేస్తాం కానీ బూటు నంబరు చూసి కాదు. హాయిగా నడవగలిగిన కాలికే ఆ నడక వస్తుంది.

వచ్చేవారం: బెల్‌బాటం ప్యాంటుకి బూటు ఎంత ఎత్తుంటే కింద అంచు నేల ఊడవకుండా ఉంటుంది? మీ ప్రశ్నలు రాయండి. చేతిరాత కాస్త అర్థమయ్యేలా ఉంటే మా కళ్ళజోడు మీకు రుణపడి ఉంటుంది!