క్రొత్త కారులోని మొదటి నూనె

ఒక సోదరి మాకిట్లు వ్రాసిరి: “ఏడు సంవత్సరములు జీతములో మిగుల్చుకొని చిన్న కారొకటి కొంటిని. ఇంతవఱకు మూడువందల కిలోమీటర్లు తిరిగినది. ఇందున్నది క్రొత్త ఇంజను అలవాటు పడుటకై పోసిన ప్రత్యేకపు నూనె యనియు, అయిదువందల కిలోమీటర్లకే తీయింపకున్న ఇంజను పాడగుననియు మా బావగారు పట్టుపట్టుచున్నారు. దుకాణమువాడు నాలుగువేల రూపాయ లడుగుచున్నాడు. కారు నాది, సొమ్ము నాది. అయినను ఇంట నా మాట చెల్లుట లేదు. ఏమి చేయుదును?”

అమ్మా, మీ బావగారి మాట ఒకనాడు నిజమే. వెనుకటి కాలమున క్రొత్త ఇంజనులో పలుచని నూనె పోసి, కొన్ని వందల మైళ్లు నెమ్మదిగా నడపి, దానిని పాఱబోసి క్రొత్తది పోయుచుండిరి. ఇంగ్లండులో అట్టి కార్ల వెనుక అద్దమునకు, ఇంజను ఇంకను అలవాటు పడుచున్నది, దాటిపొండని చీటి యంటించెడివారట! దీనికి కారణము మన వంటింటివారికి సులభముగానే బోధపడును. క్రొత్త రోలు కొన్నపుడు మొదట గుప్పెడు ఊకయో తవుడో రుబ్బి పాఱవేయుదుము గదా. రాతిపొడి పోవలెను, పొత్రము రోటిలో కుదురుకొనవలెను. ఇంజనులోను అంతియే. సిలిండరు లోపలి గోడకు రోటి గంట్లవలె సన్నని అడ్డగీతలు గీసియుందురు. ఆ గీతలలో నూనె నిలుచును. పిస్టను రింగులు వానిపై రాచుకొని గోడకు సరిగా అమరును. ఆ రాపిడిలో రాలిన లోహపు రజను నూనెలో కలియును.

అట్లయిన ఆ నూనెను తీయించుటే మేలుకాదా యని మీరడుగవచ్చును. నేటి యంత్రములు భాగములను మిక్కిలి నునుపుగా చెక్కుచున్నవి. రజను తక్కువ, రాలినదానిలో పెద్ద రేణువులను ఫిల్టరు పట్టుకొనును. కావున నేడు పెక్కు క్రొత్త కార్లలో ఉండునది మామూలు నూనెయే. సింథటిక్ నూనె పోసిన రింగులు అమరవను మాటయు నిలువదు. అమెరికాలోని కార్వెట్ కారు 1992 మొదలు కర్మాగారమునుండియే అట్టి నూనెతో వెలువడుచున్నది.

ప్రత్యేకపు నూనె బొత్తిగా లేదనియు చెప్పజాలను. హోండావారు తమ మొదటి నూనె ప్రత్యేకమైనదని చెప్పుదురు. దానిలో మాలిబ్డినము పాలెక్కువ. కాని వారి ఆదేశము మీ బావగారి మాటకు నేరుగా ఎదురు: ఆ నూనెను గడువునకు ముందు తీయవలదు! బి.ఎం.డబ్ల్యు.వారి ఎమ్ తరగతి వేగపు కార్లకు మాత్రము సుమారు 2,000 కిలోమీటర్లకే నూనె మార్చుట విధి. చిన్న విమానముల పిస్టను ఇంజనులకు నేటికిని మొదటి గంటలలో వేఱు నూనె పోయుదురు. విద్యుత్తుతో నడచు కార్లకు ఈ చిక్కే లేదు, ఇంజనే లేదు గనుక.

ఇన్ని రకములుండగా మీ కారునకేది? కారుతో ఇచ్చిన పుస్తకమును తెఱువుడు. మన ఇండ్లలో అది కవరు విప్పకయే అరలో నిద్రించును. మొదటి సర్వీసు ఎప్పుడో, నూనె ఎన్ని కిలోమీటర్లకో, ఏ రకమో అందు అచ్చువేసియుండును. సాధారణముగా మొదటి ఉచిత సర్వీసు వేయి కిలోమీటర్ల ప్రాంతమున వచ్చును. ఉచితమనగా కూలి మాత్రమే సుమండీ; నూనె మార్చినచో దాని వెల మనదే. కావున బండి అప్పగించు నాడే అడిగి తెలిసికొనుడు.

దుకాణమువానికి తొందరపడి ఇయ్యవలదని చెప్పుటకు నా సొంత కథయే చాలును. నా మొదటి కారునకు ఇట్లే తొందరపడి వీథిచివరి మెకానిక్కుచేత నూనె మార్పించితిని. అడుగు బోల్టును అతిగా బిగించి మరలు చెఱచినాడు. నెల తిరుగకమునుపే వాకిటి ముగ్గుపై నల్లని బొట్లు! మరమ్మతునకు నూనె వెలకంటె నెక్కువ పట్టినది. పైగా పుస్తకము 0డబ్ల్యు-20 అనగా, చిక్కని నూనె ఏదో పోయించుకొని, తరువాత ఇంజను చెడినచో వారంటీ యడుగుట కష్టము. ఎవరిచేత మార్పించినను బిల్లు దాచుడు.

ఈ మొదటి వేయి కిలోమీటర్లలో నూనెకంటె నడపు తీరు ముఖ్యము. ఒకే వేగమున గంటలకొలది పోవలదు, ఏక్సిలరేటరు అడుగంట త్రొక్కవలదు, బరువు లాగింపవలదు. రింగులు అమరువఱకు నూనె కొంత తగ్గవచ్చును గనుక, పదునైదు దినములకొకసారి బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి కొంతసేపైన పిమ్మట కొలతపుల్ల తీసి తుడిచి మరల ముంచి చూడుడు. తడి రెండు గుర్తుల నడుమ నుండవలెను. క్రింది గుర్తునకు దిగినచో షోరూమువారికి వెంటనే చూపుడు. బావగారికి ఆ పుస్తకములోని పుటను మీరే చదివి వినిపింపుడు. వారు కోపింతురేమో గాని, సంతకము చేసి కారు తెచ్చుకొన్నది మీరు.