కానుకయా? కరపత్రమా?

నెల్లూరు తీరమున నేడు సభలకు కొదువ లేదు. 2008వ సంవత్సరమున కృష్ణపట్నము రేవు తెరువబడిన పిమ్మట దాని చుట్టును విద్యుత్కేంద్రములును, నూనె కర్మాగారములును వెలసినవి. రొయ్యల చెరువులు తీరమంతటను వ్యాపించినవి. వానివెంట వార్షికోత్సవములు, వర్తక సమావేశములు, రైతు సదస్సులు వచ్చినవి. సభకు వచ్చినవారి చేత ఒక సంచియో, టోపీయో, శాలువాయో పెట్టి పంపుట ఆచారమైనది. ఆ గుడ్డమీద కంపెనీ ముద్ర రంగుదారముతో కుట్టబడి యుండును. అతిథికి వస్త్రమొసగుట మన పూర్వాచారమే గదా, ఇందు దోషమేమి యని పాఠకులడుగవచ్చును. ఇచ్చుటలో దోషము లేదు. ఆ వస్త్రమెవరు నేసిరి, ఆ ముద్ర ఎవరు కుట్టిరి, ఆ సొమ్మెవరి యింటికి చేరినది అను మూడు ప్రశ్నలే మావి.

ఈ పని జరుగు విధము తెలిసికొనుట మంచిది. కంపెనీ ముద్రను కంప్యూటరులో కుట్ల లెక్కగా మార్చుదురు. పిదప సూదులు వరుసగా అమర్చిన యంత్రము నిమిషమునకు ఎనిమిదివందలు మొదలు వేయి కుట్ల వరకు వేయును. వెల సామాన్యముగా వేయి కుట్లకింత యని కట్టుదురు. అడుగున నుండునది తరచుగా పాలిస్టరు గుడ్డ. అది యెచ్చటనో మిల్లులో పుట్టినది. దానికి ఊరు లేదు, పేరు లేదు. ఒకసారి మేమును అట్టి సభకు పోయితిమి. గ్రామీణ వృత్తుల రక్షణమును గూర్చి వక్తలు గంటసేపు ప్రసంగించిరి. తుదకు మాకొసగిన సంచి పాలిస్టరుది. దానిపై కంపెనీ పేరు జానెడు మేర కుట్టబడి యున్నది. ఆ సంచి మోయువాడు అతిథియా, లేక కూలి లేని ప్రకటన పలకయా?

ఇట్టి సభలు జరుగుచున్న సీమ ఎట్టిది? వెంకటగిరి మగ్గములు వెలుగోటి ప్రభువుల కాలమునుండి ప్రసిద్ధములు. 2022లో జిల్లాల విభజనమున ఆ పట్టణము తిరుపతి జిల్లాకు చేరినను, నెల్లూరి పేరును దాని పేరును విడదీయ నెవరితరము? అచ్చటి జాందానీ పనిలో పువ్వును కుట్టరు. నేయుచుండగనే విడిదారమును చేతితో ఎక్కించి గుడ్డలోనే పూయింతురు. కోవూరి దాపున పాటూరిలో మగ్గములున్నవి. ఇక సూదిపని మాటకు వచ్చినచో, నెల్లూరి వీథులలో పెండ్లి రవికలకు మగ్గం వర్కు చేయు చేతులెన్ని లేవు? పెండ్లి కూతురి రవికకు మాత్రము ఈ చేతులు వలయును, కంపెనీ సభకు మాత్రము పనికిరావట!

పెన్న యొడ్డున పల్లిపాడున్నది. 1921 ఏప్రిల్ 7వ తేదీన మహాత్ముడు అచ్చట పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. దానికి భూమినిచ్చినది పొణకా కనకమ్మగారు. రాట్నము నమ్మి వెలసిన ఆ స్థలము తమ కర్మాగారములకు కొన్ని క్రోసుల దూరముననే కలదని ఈ సభలు చేయువారిలో ఎందరికి తెలియును?

ప్రతిపక్షుల వాదములు మేమెరుగనివి కావు. మొదటిది వెల. చేనేత ప్రియమనుట నిజమే. కాని ఐదువందల మందికి ఐదువందల నాసి సంచులేల? నూరుమందికి మన్నికగల నూరు వస్తువులు చాలవా? నాసి సంచి నెల తిరుగకుండ పెంటకుప్ప చేరును. రెండవది కాలము. మగ్గము తొందరపడదు. వార్షికోత్సవపు తేదీ ఏడాది ముందే తెలిసియుండగా, నేతపని పదిదినముల ముందు అప్పగించుట ఎవరి తప్పు? మూడవది పన్ను. ఇది వట్టి సాకు. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టము 17వ సెక్షను 5వ ఉపసెక్షను ననుసరించి, కానుకగా నిచ్చిన వస్తువులపై కట్టిన పన్నును తిరిగి జమకట్టుకొనుటకు వీలులేదు. అది పాలిస్టరైనను అంతే, ఖద్దరైనను అంతే. అంతేకాదు, 2013 నాటి కంపెనీల చట్టమున సాంఘిక బాధ్యత క్రింద చేయదగిన పనుల పట్టికలో సంప్రదాయ కళలను, హస్తకళలను పోషించుట స్పష్టముగా వ్రాయబడియున్నది. ఒక చేత ఆ ఖాతాలో పుణ్యము వ్రాసికొనుచు, రెండవ చేత ప్రకటన ఖాతాలోనుండి మిల్లు గుడ్డ కొనువారిని ఏమనవలయును?

ప్రభుత్వమును సయితము మేము విడువజాలము. 1905 ఆగస్టు 7వ తేదీన స్వదేశీ ఉద్యమము ప్రకటింపబడినదని, 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. 2020లో అఖిల భారత చేనేత బోర్డును రద్దుచేసిరి. 2021 డిసెంబరు 30వ తేదీన పతాక నియమావళిని సవరించి, జాతీయ పతాకమునకే యంత్రమున చేసిన పాలిస్టరు గుడ్డను అనుమతించిరి. ఏలినవారే ఇట్లు చేయగా, వర్తకుని ఒక్కని నిందించి ఏమి లాభము? 2019-20 నాటి చేనేత గణన ప్రకారము దేశమున 35 లక్షలకు పైగా చేనేత పనివారున్నారు. వారిలో మూడింట రెండువంతులకు మించి స్త్రీలు. ఇంచుమించు మూడింట రెండువంతుల కుటుంబముల నెలసరి రాబడి 5000 రూపాయలకు లోపు. ఒక దినపు సభకు పట్టు వ్యయముతో ఇట్టి యిండ్లెన్ని యేడాది గడచునో ధనికులే లెక్కించుకొందురు గాక.

అయినను స్వదేశి యను పేరొక్కటియే చాలదు. నరసాపురపు లేసు అల్లికను తలంపుడు. 1982లో మరియా మీస్ ప్రకటించిన గ్రంథము ఆ స్త్రీల దుస్థితిని లోకమునకు చూపినది. వారిని పనివారని గాక, తీరికవేళ అల్లుకొను గృహిణులని లెక్కించి, చౌకకూలితో చేయించి, లేసును దేశాంతరములకు ఎగుమతి చేసిరి. ఊరి చేతిపని యను మాట ఊరి కూలిని మ్రింగు సాధనమైనచో అది స్వదేశి కాదు, స్వదేశి వేషము మాత్రమే.

కావున మేము కోరునది ఇది. ఈ తీరమున సభలు చేయు కంపెనీలు గుడ్డను వెంకటగిరి, పాటూరు మొదలగు చోట్లనుండి, నేతవారి సంఘములవద్దనే కొనవలయును. ఆరు మాసములకు ముందు పని అప్పగించి, సగము సొమ్ము ముందుగా నీయవలయును. ముద్ర కుట్టింపవలసినచో అంగుళము మించకుండ, ఒక మూల, మగ్గం వర్కు తెలిసిన చేతులచే కుట్టించి, ముక్కకు గాక పట్టిన గంటలకు కూలి కట్టవలయును. ఎక్కువ సంఖ్యకు కంప్యూటర్ వర్కు తప్పదందురా, కానిండు. యంత్రముతో మాకు పగ లేదు. అడుగు గుడ్డ మాత్రము చేనేతయై యుండవలయును. ప్రభుత్వ శాఖలు తమ సభలలో ఈ నియమమును ముందు తాము పాటింపవలయును.

పాఠకులకును ఒక పని కలదు. రేపు ఏ సభలోనైన మీ చేతికి సంచి వచ్చినప్పుడు, దీనిని నేసినదెవరని నిర్వాహకుని మర్యాదగా ప్రశ్నింపుడు. ఉత్తరము లేనిచో ఆ సంచిని నమస్కారముతో తిరిగి యిచ్చివేయుడు. పదిమంది తిరిగి యిచ్చిన మరునాడే నేతవాని వాకిటికి త్రోవ కంపెనీవారికి తెలియును.