తాడు పట్టినవాడికి తర్ఫీదు ఏదీ?

విశాఖపట్నం: 2020 ఆగస్టు 1వ తేదీన హిందూస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేనుకు బరువు పరీక్ష జరుగుతుండగా అది కుప్పకూలి 11 మంది ప్రాణాలు కోల్పోయారు. మృతులలో నలుగురు షిప్‌యార్డు ఉద్యోగులు. మిగిలిన ఏడుగురూ కాంట్రాక్టు సంస్థల తరఫున పనికి వచ్చినవారు. ఎల్.జి. పాలిమర్స్ విషవాయువు దుర్ఘటన జరిగి మూడు నెలలైనా నిండకముందే జరిగిన ఈ ప్రమాదం నగరాన్ని కలచివేసింది. ఒక్కొక్క మృతుని కుటుంబానికి 50 లక్షల రూపాయల పరిహారం ప్రకటించారు. విచారణ సంఘాలు వేశారు. కొన్నాళ్లకు చర్చ సద్దుమణిగింది.

అయితే నలుగురు, ఏడుగురు అనే ఆ లెక్కలో ఉన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది. ఒకే క్రేను మీద, ఒకే పనిలో ఉన్న మనుషులు వేర్వేరు యజమానుల కింద పనిచేసేవారు. జీతం ఇచ్చేది ఒకరు, పని చెప్పేది మరొకరు, స్థలం ఇంకొకరిది. ఇటువంటి చోట భద్రత గురించి అందరికీ ఒకే పాఠం చెప్పవలసిన బాధ్యత ఎవరిది? నౌకా నిర్మాణ, మరమ్మతు పనులు సాగే ప్రతి రేవులోనూ ఈ ప్రశ్న ఉన్నది. విశాఖలో దీనికి ఇప్పుడు ప్రాధాన్యం మరింత పెరిగింది.

1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ను నీటిలోకి దించిన ఈ యార్డుకు, నౌకాదళం కోసం అయిదు భారీ సహాయక నౌకలు కట్టే కాంట్రాక్టు 2023 ఆగస్టు 25న దక్కింది. దాని విలువ సుమారు 19 వేల కోట్ల రూపాయలు. ఒక్కొక్క నౌక 44 వేల టన్నులది. మొదటి నౌకకు ఉక్కు కోత 2024 ఏప్రిల్‌లో మొదలైంది. ఇంత పని వచ్చినప్పుడు వెల్డర్లు, గ్యాస్ కట్టర్లు, గ్రైండర్లు, పెయింటర్లు, ఖలాసీలు పెద్ద సంఖ్యలో కావలసి ఉంటుంది. ఇటువంటి పనులకు మనుషులు ఎక్కువగా కాంట్రాక్టర్ల ద్వారానే వస్తారు. నౌకలతోపాటు వారి తర్ఫీదు గురించి కూడా ఇప్పుడే ఆలోచించవలసి ఉన్నది.

రోజూ మారే పనిచోటు

మామూలు ఫ్యాక్టరీలో యంత్రం ఒకచోట ఉంటుంది. దాని ప్రమాదం ఏమిటో కార్మికునికి నెల తిరిగేసరికి తెలిసిపోతుంది. నౌకలో అలా కాదు. నిన్న ఆకాశం కనిపించిన చోట ఇవాళ ఉక్కు రేకు మూతపడుతుంది. నిన్న నడిచిన దారిలో ఇవాళ కన్నం కోసి ఉంటుంది. పొద్దున వెల్డింగ్ చేసిన గదికి ఆనుకుని మధ్యాహ్నం రంగు వేస్తుంటారు. పైన ఒక ముఠా, కింద ఒక ముఠా, పక్క గదిలో మరో కాంట్రాక్టరు మనుషులు. ఒకరి పని ఏమిటో ఇంకొకరికి తెలియదు.

మరమ్మతులలో చిక్కు ఇంకా ఎక్కువ. కొత్త నౌకలో ఏ గదిలో ఏమున్నదో కట్టినవారికి తెలుస్తుంది. పాత నౌక నూనె మడ్డితో, మిగిలిన ఇంధనంతో, ఏళ్ల తరబడి మూసి ఉంచిన ట్యాంకులతో డ్రై డాక్‌లోకి వస్తుంది.

కంటికి కనిపించని గాలి

ఈ పనిలో క్రేను కంటె, ఎత్తు కంటె మోసకారి అయినది మూసిన ట్యాంకులోని గాలి. మామూలు గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం ఉంటుంది. చాలాకాలం మూసి ఉంచిన ట్యాంకులో గోడలకు తుప్పు పడుతున్నకొద్దీ ఆ తుప్పే లోపలి ప్రాణవాయువును తినేస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, దగ్గు రాదు. దిగినవాడు నాలుగు మెట్లు దిగి కుప్పకూలిపోతాడు. వెల్డింగుకు వాడే ఆర్గాన్ వాయువు గాలికంటె బరువైనది కనుక ట్యాంకు అడుగున చేరి ఊపిరాడనివ్వదు. ఇందుకు భిన్నంగా గొట్టంలోంచి ఆక్సిజన్ కారి ట్యాంకులో నిండితే చిన్న రవ్వకే ఒంటిమీది బట్టలు భగ్గుమంటాయి.

అమెరికాలో నౌకా మరమ్మతుల నిబంధనల ప్రకారం ప్రాణవాయువు 19.5 శాతానికి తగ్గినా, 22 శాతానికి మించినా ఆ గదిలోకి మామూలుగా మనిషిని దింపరాదు. రెండున్నర శాతం అంకెలో ఇమిడి ఉన్న ఈ తేడాను కొలిచి చెప్పేది చిన్న మీటరు మాత్రమే. ఏ కార్మికుని అనుభవమూ దానికి సాటి రాదు. ఇరవై ఏళ్లుగా ట్యాంకుల్లో దిగుతున్న వెల్డరుకైనా ఇవాళ్టి గాలి గురించి తెలిసేది ఏమీ లేదు.

ఇంతకంటె విచారకరమైన సంగతి మరొకటి ఉన్నది. ఇటువంటి మూసిన చోట్ల జరిగిన మరణాలను పరిశీలించిన అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్, మృతులలో 60 శాతానికి పైగా ఇతరులను కాపాడబోయి లోపలికి దిగినవారేనని 1986లో వెల్లడించింది. తోటివాడు పడిపోవడం చూసి మనిషి ఆగలేడు. మనసున్నవాడు ముందు దూకుతాడు. ఆ దూకడమే రెండో మరణానికి, మూడో మరణానికి దారి తీస్తున్నది.

కొచ్చిన్ నేర్పిన పాఠం

2018 ఫిబ్రవరి 13న కొచ్చిన్ షిప్‌యార్డులో మరమ్మతుకు వచ్చిన ‘సాగర్ భూషణ్’ అనే చమురు డ్రిల్లింగు నౌకలో పేలుడు జరిగి అయిదుగురు మరణించారు. కోతకు వాడే ఎసిటిలీన్ గ్యాస్ లీకై లోపల చేరడం ఇందుకు కారణమని పరిశీలనలో తేలింది. ఎసిటిలీన్ గాలిలో రెండున్నర శాతం కలిసినా అంటుకోగలదు.

దీనికి జాగ్రత్త ఎంత చిన్నదో గమనించాలి. టీకి వెళ్లినా, భోజనానికి వెళ్లినా, షిఫ్టు ముగిసినా గ్యాస్ గొట్టాన్ని ట్యాంకులోంచి బయటకు లాగివేయాలి. లేదా సిలిండరు దగ్గరే గొట్టం విప్పివేయాలి. మర్నాడు పొద్దున నిప్పు వెలిగించేముందు మీటరుతో గాలిని పరీక్షించాలి. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు, ఖరీదైన యంత్రమూ అక్కరలేదు. రోజూ తప్పకుండా చేసే అలవాటు కావాలి. ఆ అలవాటు నేర్పడమే తర్ఫీదు.

చట్టం ఏమంటున్నది?

చట్టంలో లోటు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఓడలు కట్టడాన్నీ, బాగుచేయడాన్నీ తన పరిధిలోకి తెచ్చింది. విషవాయువు ఉండగల గదిలోకి మనిషి దిగాలంటే అర్హత గల వ్యక్తి గాలిని పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలని ఆ చట్టంలోని 36వ సెక్షన్ నిర్దేశించింది. అది లేకపోతే దిగేవాడు శ్వాస పరికరం ధరించాలి, నడుముకు బెల్టు కట్టుకోవాలి, ఆ బెల్టు తాడు కొసను బయట ఒక మనిషి పట్టుకుని నిలబడాలి. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో చేసిన సవరణ మరో అడుగు ముందుకు వేసి, భద్రత గురించి తెలుసుకోవడం, తర్ఫీదు పొందడం కార్మికుని హక్కు అని రాసింది.

2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. సమాచారం, శిక్షణ, పర్యవేక్షణ కల్పించే బాధ్యతను ఇది కూడా యాజమాన్యం మీదనే పెట్టింది. ప్రాణాపాయం ముంచుకొస్తున్నదని అనుమానం కలిగితే కార్మికుడు యాజమాన్యానికి నేరుగా గాని, భద్రతా సంఘం ద్వారా గాని తెలియజేయవచ్చునని చెప్పింది.

చెప్పవచ్చు. అయితే రోజుకూలీ మీద వచ్చిన హెల్పరు ‘ఈ ట్యాంకులో గాలి చూడలేదు, నేను దిగను’ అంటే మర్నాడు అతనికి పని ఉంటుందా? చట్టం ఇచ్చిన నోరు పని పోతుందన్న భయంతో మూతపడుతున్నది. కాగితం మీది హక్కు కాంట్రాక్టు కార్మికుని దాకా వచ్చేసరికి బలహీనపడేది ఇక్కడే.

సంతకంతో సరి

భద్రతా శిక్షణ పేరిట పలుచోట్ల జరిగే తంతు తెలిసినదే. కొత్తగా వచ్చినవారిని ఒక గదిలో కూర్చోబెట్టి అరగంటో గంటో చెప్పి, హెల్మెట్ పెట్టుకోమని, బూట్లు వేసుకోమని హెచ్చరించి, రిజిస్టరులో సంతకం తీసుకుంటారు. గేటు పాసు చేతికి వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన వానికీ, ఒడిశా నుంచి వచ్చిన వానికీ, బీహారు నుంచి వచ్చిన వానికీ అదే గది, అదే భాష. అర్థమైందా అని అడిగితే అందరూ తల ఊపుతారు. ప్రమాదం జరిగిన రోజున ఆ సంతకం యాజమాన్యానికి సాక్ష్యంగా పనికివస్తుంది గాని కార్మికుని ప్రాణానికి అడ్డుపడదు.

కాంట్రాక్టరు వైపు నుంచీ ఒక లెక్క ఉన్నది. టెండరు తక్కువ ధరకు వేసినవానికే పని దక్కుతుంది. మనిషిని రెండు రోజులు శిక్షణకు పంపితే రెండు రోజుల కూలి అతని మీద పడుతుంది. ఆ మనిషి వచ్చే నెల మరో యార్డుకు పోవచ్చు. అందుచేత తర్ఫీదు మీద డబ్బు పెట్టినవాడు టెండరులో వెనుకబడతాడు. కాంట్రాక్టర్ల మంచితనం మీద వదిలివేస్తే తెగే వ్యవహారం కాదిది.

సింగపూర్ వెళితే నేర్చుకుంటున్నారు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి వెల్డర్లు, రిగ్గర్లు, ఫిట్టర్లు పనికోసం విదేశాలకు వెళ్లడం ఏళ్లుగా సాగుతున్నది. అలా వెళ్లేవారికి తెలిసిన దేశం సింగపూర్. అక్కడ 2004 మే 29న మరమ్మతులో ఉన్న ‘అల్ముదైనా’ అనే ట్యాంకర్ నౌకలో మంటలు చెలరేగి ఏడుగురు కార్మికులు మరణించారు. ఆ ఏడాది జరిగిన పెద్ద ప్రమాదాల దరిమిలా అక్కడి ప్రభుత్వం 2006లో పని భద్రతకు కొత్త చట్టం తెచ్చింది. షిప్‌యార్డులో పనికి దిగే కార్మికుడు ముందుగా భద్రతా కోర్సు పూర్తి చేసి పరీక్షలో నెగ్గాలన్న పద్ధతి అక్కడ ఉన్నది.

అంటే ఒకే ఊరివాడు, ఒకే వెల్డింగు చేతిలో ఉన్నవాడు, సముద్రం దాటితే పరీక్ష రాసి ట్యాంకులో దిగుతున్నాడు. ఇంటి దగ్గర రేవులో సంతకం పెట్టి దిగే పరిస్థితి అతనికి ఉండరాదు. మనిషిలో లోపం లేదు. నేర్పితే నేర్చుకోగలడని పరదేశంలో రుజువు చేస్తూనే ఉన్నాడు.

చేయదగినవి

అంతర్జాతీయ కార్మిక సంస్థ నౌకా నిర్మాణ, మరమ్మతు పనుల భద్రతకు 1974లో రూపొందించిన నియమావళిని 2018లో సవరించింది. ఏమి నేర్పాలో తెలియక ఆగిపోవలసిన అవసరం లేదు. విశాఖలో ముందుగా చేయదగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, శిక్షణను కాంట్రాక్టరుకు వదలక యార్డే స్వయంగా ఇవ్వాలి. ఆ రోజుల కూలిని, ఖర్చును టెండరులో విడిగా చూపాలి. అప్పుడు ఏ కాంట్రాక్టరూ దానిని తగ్గించి పోటీకి రాలేడు. రెండవది, పాఠం కార్మికుని భాషలో ఉండాలి. తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడే అనుభవజ్ఞులైన ఖలాసీల చేత, వెల్డర్ల చేత చెప్పిస్తే అది చెవికి ఎక్కుతుంది. రిటైరయిన పాత కార్మికులు ఈ ఊళ్లో మల్కాపురం నుంచి గాజువాక దాకా ఎందరో ఉన్నారు.

మూడవది, నల్లబల్ల ముందు నేర్పే పాఠం సగమే. నేల మీద ఒక నమూనా ట్యాంకు కట్టి, మ్యాన్‌హోల్‌లోంచి దిగడం, మీటరు చూడటం, స్పృహ తప్పిన మనిషిని తాడుతో పైకి లాగడం చేయించాలి. నాలుగవది, షిఫ్టు మొదట్లో పదినిమిషాలు పనిచోటనే నిలబడి ఇవాళ ఏ గది మూసి ఉన్నది, పక్కన ఎవరు ఏ పని చేస్తున్నారు అన్నది అన్ని ముఠాలకూ కలిపి చెప్పాలి. అయిదవది, భద్రతా సంఘంలో కాంట్రాక్టు కార్మికులకూ చోటు ఉండాలి. అపాయం ఉన్నదని పని ఆపినవానికి ఆ రోజు కూలి పోదని యార్డు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

ఇవన్నీ చేసినా చివరికి అంతా ఒక మనిషి దగ్గరకు వచ్చి ఆగుతుంది. ట్యాంకులోకి నిపుణుడైన వెల్డరు దిగుతాడు. మ్యాన్‌హోల్ బయట నిలబడేది తరచు ఆ ముఠాలో అందరికంటె తక్కువ కూలి తీసుకునే హెల్పరు. నిన్ననో మొన్ననో పల్లె నుంచి వచ్చిన కుర్రవాడు. లోపలివాడు పిలిచినా పలకకపోతే తాను దూకరాదని, కేకవేసి రక్షణ సిబ్బందిని పిలవాలని, బ్లోయరు ఆగిందేమో చూడాలని, తాడు వదలరాదని అతనికి ఎవరో ఒకరు ముందుగా చెప్పి ఉండాలి. చేయించి కూడా చూసి ఉండాలి.

44 వేల టన్నుల నౌకను నీటిలోకి దించిన రోజున పెద్దలు వస్తారు, కొబ్బరికాయ కొడతారు. ఆ నౌక అడుగు ట్యాంకులలో దిగినవారందరూ ఆ రోజు దాకా క్షేమంగా ఇంటికి చేరారా లేదా అన్నది తాడు పట్టుకున్న ఆ కుర్రవానికి ఏమి నేర్పారన్న దాని మీద ఆధారపడి ఉన్నది.