నడుము టక్కుమంటే నొప్పి పోయినట్టేనా?

బల్ల మీద బోర్లా పడుకున్న కుర్రాడు, వెన్ను మీద రెండు అరచేతులు, ఒక్క కుదుపు. 'టక్' మంటుంది. ఆ చప్పుడు స్పష్టంగా పడాలని పక్కనే చిన్న మైకు కూడా పెడతారు. లేచి నిలబడి కుర్రాడు హాయిగా నవ్వుతాడు. ఫోన్లలో తిరుగుతున్న ఇలాంటి చైరోప్రాక్టిక్ వీడియోలు చూసి, ఆ క్లినిక్ ఎక్కడుందా అని వాకబు చేస్తున్నవాళ్లు తక్కువేమీ కాదు.

ఆ చప్పుడుకు అంత విలువ లేదు. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేళ్ల కీళ్లను ఎంఆర్‌ఐ యంత్రంలో ఉంచి లాగి చూశారు. మెటిక విరిగిన క్షణంలో కీలులోని ద్రవంలో వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడటం కనిపించింది. పక్కకు జరిగిన ఎముక తిరిగి చోటుకు చేరిన శబ్దం కాదది.

ఈ వైద్యానికి మూలపురుషుడు డేనియల్ డేవిడ్ పామర్. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో, చెవులు సరిగా వినపడని హార్వే లిల్లార్డ్ అనే పనివాడి వెన్నుపూసను నొక్కితే వినికిడి వచ్చిందని ప్రకటించుకున్నాడు. రోగాల్లో అధిక భాగం వెన్నుపూసలు తప్పడం వల్లే వస్తాయన్నది ఆయన సిద్ధాంతం. సైన్సు దాన్ని ఒప్పుకోలేదు. అయినా వృత్తి నిలబడింది. ఇప్పుడు అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ చైరోప్రాక్టర్లకు లైసెన్సులున్నాయి. మామూలు నడుంనొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో వెన్ను సవరింపు ఒకటని అక్కడి ఫిజీషియన్ల కాలేజీ 2017లో చెప్పింది కూడా. ఆధారాలు బలంగా లేవని ఆ మాటతోపాటే చెప్పిందనుకోండి. బరువెత్తి పట్టేసిన నడుముకు అనుభవమున్న చేయి కాస్త ఉపశమనం ఇస్తే కాదనాల్సిన పని లేదు.

గొడవంతా వాపుతో వచ్చే నడుంనొప్పి దగ్గరే. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఆ జాతిదే. ఇందులో శరీర రక్షణ వ్యవస్థే దారి తప్పి, వెన్నుకూ కటికీ మధ్య ఉన్న కీళ్ల మీద పడుతుంది. సాధారణంగా నలభై ఏళ్ల లోపే, ఎప్పుడు మొదలైందో తెలియకుండా మొదలవుతుంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది. లేచాక సాక్సు వేసుకోవడానికి కూడా వంగలేరు. అరగంట దాటినా బిగుతు వదలదు. వేడినీళ్ల స్నానం చేసి నాలుగడుగులు వేస్తే తేలికపడుతుంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. అసలు గుర్తు ఇదే. 'కంప్యూటరు ముందు కూర్చుంటే రాదా మరి' అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేసేదీ దీన్నే. జబ్బు పేరు తేలేసరికి ఏళ్లు గడిచిపోవడం ప్రపంచమంతటా ఉన్నదే.

ఇంగ్లండ్ క్రికెట్ మాజీ కెప్టెన్ మైక్ ఆథర్టన్‌ది ఈ జబ్బే. 1995లో జొహానెస్‌బర్గ్‌లో పది గంటలకు పైగా క్రీజులో నిలిచి 185 పరుగులతో అజేయంగా టెస్టును కాపాడినవాడు ఆయనే. అంతటివాడినీ వెన్నునొప్పి కెరీర్ పొడవునా వేధించింది, 2001లో ఆట మానేదాకా వదల్లేదు.

జబ్బు ముదిరితే పూసల మధ్య కొత్త ఎముక పెరిగి అవన్నీ ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. ఎక్స్‌రేలో వెన్ను వెదురు గడలా కనిపిస్తుంది కాబట్టి డాక్టర్లు దాన్ని 'బాంబూ స్పైన్' అంటారు. చూడటానికి గట్టిగా ఉన్నా లోపల ఎముక గుల్లబారి ఉంటుంది. అలాంటి వెన్ను చిన్నగా జారిపడినా విరగవచ్చు. విరిగితే వెన్నుపాము దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. పూసలు అతుక్కున్నవారికీ, ఎముకలు బాగా గుల్లబారినవారికీ వెన్ను సవరింపు చేయనే కూడదని అమెరికా రుమటాలజీ (కీళ్లవాపు జబ్బుల వైద్యం) కాలేజీ 2019 మార్గదర్శకాల్లో గట్టిగా చెప్పింది. పూసలు ఇంకా అతుక్కోని దశలోనూ ఆ కుదుపు లోపలి వాపును ఆపలేదు. కాసేపు హాయిగా ఉందని నమ్మి, అసలు వైద్యానికి వెళ్లకుండా నెలలు గడిపేయడం మరో నష్టం.

అసలు వైద్యం ఉంది. క్రమం తప్పని వ్యాయామం, డాక్టరు పర్యవేక్షణలో వాపు తగ్గించే మాత్రలు, అవి చాలకపోతే బయోలాజిక్ ఇంజెక్షన్లు. వీటిలో అడాలిముమాబ్‌కు మన దేశంలో తయారైన బయోసిమిలర్ (దానికి సరితూగే మందు) 2014 నుంచే దొరుకుతోంది. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లడం చికిత్సలో భాగమే. కాకపోతే ఆయన చేయించేది వ్యాయామం.

అమెరికాలోని మనవాళ్లకు ఇన్సూరెన్సులో చైరోప్రాక్టర్ కూడా దొరుకుతాడు. శిక్షణ సరిగ్గా పొందినవాడైతే ఈ గుర్తులు కనిపెట్టి, తాను చేయి వేయకుండా రుమటాలజిస్టు దగ్గరకు పంపాలి. బ్రిటన్‌లో 1994లోనే చట్టం చేసి ఈ వృత్తికి కౌన్సిల్ పెట్టారు. మన దగ్గర చైరోప్రాక్టిక్‌కు ప్రత్యేక చట్టం లేదు. నాలుగేళ్లు చదివొచ్చినవాడూ, నాలుగు వీడియోలు చూసి నేర్చుకున్నవాడూ ఒకే రకం బోర్డు పెట్టుకుంటుంటే రోగి తేడా ఎలా కనిపెడతాడు? ఈ ఖాళీని ప్రభుత్వాలే పూడ్చాలి.

ఈలోగా, నడుంనొప్పి మూడు నెలలు దాటి, పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గుతున్న యువతీయువకులు ముందు రుమటాలజిస్టును కలవండి. అప్పటిదాకా ఎవరినీ మీ వెన్ను విరవనివ్వకండి.